గోడకు వేలాడదీసే చిన్న మొజాయిక్ పలక: మొదటిసారి చేసేవారికి సమగ్ర మార్గదర్శి

మొజాయిక్ చేయడానికి మొదటిసారి పూనుకున్నవారి ధ్యాసంతా ముక్కల మీదే ఉంటుంది. ఏ రంగు తీసుకోవాలి, ఎంత నునుపుగా ఉంది, ఎంత సమంగా తెగింది అన్నవే ఆలోచనలు. పని పూర్తయ్యాక నాలుగడుగులు వెనక్కి వేసి చూసినప్పుడు మాత్రం చూపు ముందుగా ముక్కల నడుమ పారే సన్నని సందుల మీదికి పోతుంది. ఆ సందులు ఒక క్రమంలో, ఒక దిశలో పారితే మామూలు గాజు ముక్కలు కూడా బొమ్మగా కుదురుకుంటాయి. అవి దారి తప్పితే ఎంత మేలైన ముక్కలు పెట్టినా పలక అతుకుల బొంతలా కనిపిస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో పలక సిద్ధం చేయడం నుంచి చివరి తుడుపు వరకూ సందు సంగతి మళ్లీ మళ్లీ వస్తుంది.

తెలుగులో మొజాయిక్ అనగానే చాలామందికి రాతి పలుకులు సిమెంటులో కలిపి నునుపుగా అరగదీసిన గచ్చు గుర్తుకొస్తుంది. దాని అసలు పేరు టెరాజో. ఇక్కడ మనం మాట్లాడుకునేది చిన్న ముక్కలను ఒక్కొక్కటిగా పేర్చి బొమ్మ కట్టే పద్ధతి గురించి. రోమన్లు ఆ ముక్కను టెస్సెరా అనేవారు.

ఏం చేయబోతున్నాం

25 సెంటీమీటర్ల చతురస్రపు పలక మీద, లేత రంగు నేపథ్యంలో ఒకే ఒక్క ఆకు. రెండు వంపులు, మధ్యలో ఒక ఈనె. అంతకు మించి ఏమీ లేదు. మొదటి పనికి ఆకునే ఎంచుకోమనడానికి కారణం ఉంది. మనిషి ముఖంలోనో పక్షి కంటిలోనో రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా బొమ్మ చెడిపోతుంది, ఆకు అంచు మాత్రం కాస్త అటూ ఇటూ అయినా ఆకులాగే ఉంటుంది. పైగా ముక్కలను వంపు వెంట నడిపించడం ఎలాగో ఆకు బాగా నేర్పుతుంది. రోజుకు రెండు మూడు గంటల చొప్పున కూర్చుంటే, ఆరే సమయం కూడా కలుపుకొని, వారం రోజుల్లో పని పూర్తవుతుంది.

ఈ పలక ఇంటి లోపల, పొడిగా ఉండే గోడ మీద మాత్రమే ఉండాలి. మనం వాడబోయే తెల్ల జిగురు ఎండాక గట్టిగా పట్టుకుంటుంది కానీ తడి తగులుతూ ఉంటే మెత్తబడుతుంది. అడుగు పలకగా వాడే ఎండీఎఫ్ బోర్డు (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే బోర్డు) నీరు తాగితే ఉబ్బుతుంది. స్నానాల గదిలోనో, ఆరుబయటో పెట్టదలచుకుంటే అడుగున సిమెంటు బోర్డు, దాని మీద సిమెంటు ఆధారిత టైల్ అంటుమందు వాడాలి. అది రెండో పలకకు వాయిదా వేసుకోవడం మంచిది.

కావలసినవి, వాటి లెక్క

అడుగు పలకకు 12 మిల్లీమీటర్ల మందం గల ఎండీఎఫ్ బోర్డు తీసుకోండి. అంతకంటే పలచనిది తీసుకుంటే జిగురు తడికి, గ్రౌట్ (సందులు నింపే సిమెంటు ముద్ద) తడికి ఒకవైపు వంగే ప్రమాదం ఉంది. మంచి ప్లైవుడ్ కూడా పనికొస్తుంది.

ముక్కలకు 20 మిల్లీమీటర్ల చదరంగా, 4 మిల్లీమీటర్ల మందంతో దొరికే గాజు మొజాయిక్ టైల్స్ ఉత్తమం. మందం ఒకటే కాబట్టి పలక పైభాగం చదునుగా వస్తుంది, చేతి పనిముట్టుతోనే తెగుతాయి, ఉపరితలం నీరు పీల్చదు కాబట్టి గ్రౌట్ మరకలు అంటవు. పింగాణీ టైల్స్ గట్టిగా ఉండి కొత్త చేతులను అలసటకు గురిచేస్తాయి; పగిలిన కప్పులూ సాసర్లూ అయితే ఒక్కొక్కటి ఒక్కో మందంలో, ఒక్కో వంపులో ఉంటాయి. పగిలిన పింగాణీతోనే అద్భుతాలు చేసినవారు ఉన్నారు. బార్సిలోనాలో ఆంటోని గౌడీ రూపకల్పన చేసిన పార్క్ గుయెల్‌లోని పాములా మెలికలు తిరిగే పొడవాటి అరుగు ఆ పద్ధతిలోనిదే. కానీ అక్కడ వంకర తిరిగిన ఉపరితలం మీద దళసరి సిమెంటు ఎగుడుదిగుళ్లను మింగేస్తుంది. చదునైన బోర్డు మీద, పలచని జిగురు పొరతో ఆ సౌలభ్యం ఉండదు.

ఎన్ని టైల్స్ కావాలో ముందే లెక్క వేసుకోవచ్చు. టైలు 2 సెంటీమీటర్లు, సందు 2 మిల్లీమీటర్లు కలిపితే ఒక్కో టైలు 2.2 సెంటీమీటర్ల చదరాన్ని, అంటే 4.84 చదరపు సెంటీమీటర్లను ఆక్రమిస్తుంది. పలక మొత్తం 625 చదరపు సెంటీమీటర్లు కాబట్టి సుమారు 130 టైల్స్ సరిపోవాలి. కోతలో చెడిపోయేవీ, మరమ్మతుకు దాచుకునేవీ కలుపుకొని 160 తెచ్చుకోండి. ఆకు పలకలో మూడో వంతు ఉంటుందనుకుంటే ముదురు ఆకుపచ్చవి 25, లేత ఆకుపచ్చవి 25, ఈనె కోసం లేత పసుపువి 10, మిగిలిన 100 నేపథ్యపు రంగువి. నేపథ్యాన్ని ఒకే రంగుతో కాక, దగ్గరి ఛాయలు గల రెండు రంగులు కలిపి వేస్తే గోడ మీద నిర్జీవంగా అనిపించదు.

రంగుల విషయంలో ఒక చిన్న పరీక్ష చాలా అక్కరకొస్తుంది. ఎంచుకున్న టైల్స్‌ను పక్కపక్కన పెట్టి ఫోనుతో నలుపు తెలుపు ఫోటో తీయండి. ఆకు, నేపథ్యం రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతే ఆ ఎంపిక దూరం నుంచి చూసేవారికి ఆనదు. వేర్వేరు రంగులైనంత మాత్రాన చాలదు. ఒకటి ముదురుగా, ఒకటి లేతగా ఉండాలి.

పనిముట్లలో తప్పనిసరిగా కొనవలసింది చక్రాల నిప్పర్. దాని దవడల్లో రెండు గట్టి కార్బైడ్ చక్రాలు ఎదురెదురుగా ఉంటాయి. మామూలు కటింగ్ ప్లేయరు గాజును నలిపేస్తుందే తప్ప తెంపదు. దీనితోపాటు వడ్రంగులు చెక్కకు వాడే పీవీఏ తెల్ల జిగురు, సన్నని కుంచె, పట్టకారు, పంటిపుల్లలు, సాండ్‌పేపరు, కార్బన్ కాగితం, బూడిద రంగు గ్రౌట్ పొడి, రబ్బరు గరిటె, రెండు స్పాంజిలు, పాత మెత్తటి గుడ్డలు సిద్ధం చేసుకోండి. టైల్స్ పనివాళ్లు జాయింట్ ఫిల్లర్ అని కూడా పిలిచేది ఈ గ్రౌట్‌నే. అందులో ఇసుక కలిసినది, కలవనిది అని రెండు రకాలుంటాయి. మన సందులు 3 మిల్లీమీటర్ల లోపే కాబట్టి ఇసుక కలవనిదే తీసుకోవాలి. ఇసుక రేణువులు సన్నని సందులోకి దిగవు, గాజును గీకే అవకాశమూ ఉంది.

రక్షణ కళ్లద్దాలు, రబ్బరు చేతి తొడుగులు, దుమ్ము ఆపే ముసుగు లేకుండా పని మొదలుపెట్టవద్దు. ఈ మాట మర్యాదకు చెప్పడం లేదు. గాజు తెగేటప్పుడు ఎగిరే పలుకు కంటికి కనిపించనంత చిన్నదిగా ఉంటుంది. గ్రౌట్ పొడిలోని సిమెంటు క్షార స్వభావం కలది. చర్మాన్ని మండిస్తుంది, దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరం. చిన్న పిల్లలూ పెంపుడు జంతువులూ తిరగని గదిలో, చెప్పులు వేసుకొని కూర్చోండి.

పలకను సిద్ధం చేయడం

బోర్డు అంచులను సాండ్‌పేపరుతో రుద్ది గరుకు పోగొట్టాక, ఒక వంతు తెల్ల జిగురుకు నాలుగు వంతుల నీరు కలిపి పలచని పూత వేయాలి. ఈ పూత ముందువైపు మాత్రమే వేసి ఊరుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఒకవైపే తడిసి ఆరితే బోర్డు ఆ వైపుకు ముడుచుకుంటుంది, కాబట్టి వెనుకవైపుకూ నాలుగు అంచులకూ పూత పడాలి. అంచులు ఎక్కువ తడి పీల్చుకుంటాయి, వాటికి రెండో పూత వేయండి. పూర్తిగా ఆరాక, ముందువైపు కత్తి మొనతో అడ్డంగా, నిలువుగా తేలికపాటి గీతలు గీస్తే జిగురుకు పట్టు దొరుకుతుంది.

వేలాడదీసే కొక్కేలను కూడా ఇప్పుడే బిగించాలి. టైల్స్ అంటించాక పలకను బోర్లా పడేసి మరలు బిగిస్తే ఆ ఒత్తిడికి ముక్కలు ఊడతాయి. పై అంచు నుంచి మూడో వంతు దూరంలో, రెండు పక్కలా ఒక్కో కొక్కెం చాలు. బోర్డు మందం 12 మిల్లీమీటర్లు కాబట్టి మర 10 మిల్లీమీటర్లకు మించకూడదు.

బరువు గురించి భయపడవలసింది లేదు. గాజు సాంద్రత ఘనపు సెంటీమీటరుకు దాదాపు 2.5 గ్రాములు, 4 మిల్లీమీటర్ల మందంలో చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక గ్రాము పడుతుంది. సందులు తీసేస్తే గాజు అరకిలో, బోర్డు మరో అరకిలో పైచిలుకు, గ్రౌట్, జిగురు కొంత. మొత్తం కిలోన్నర లోపే ఉంటుంది.

బొమ్మ, దారి గీతలు

పలకంత కొలతలో కాగితం కత్తిరించి దాని మీద ఆకు గీయండి. మూల నుంచి మూలకు కాస్త ఏటవాలుగా, 20 సెంటీమీటర్ల పొడవు, నడుమ 12 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే బాగుంటుంది. చిన్న చిన్న రంపపు పళ్ల అంచులు, పక్క ఈనెలు వద్దు. ఆకు మొన మరీ సూదిలా కాకుండా ఒక టైలు ముక్క నిలిచేంత వెడల్పు ఉండాలి.

కాగితం మీద బొమ్మ గీయడంతో పని సగమే అయింది. ఇప్పుడు ముక్కల వరసలు ఏ దిశలో నడుస్తాయో సన్నని గీతలతో గుర్తించాలి. ఈనెకు ఇరువైపులా వరసలు ఈనె నుంచి అంచు వైపు ఏటవాలుగా, నిజమైన ఆకులో పక్క ఈనెలు సాగినట్టే సాగాలి. ఆకు చుట్టూ నేపథ్యపు రంగుతో ఒక వరస, ఆకు అంచును అనుసరిస్తూ మొత్తం తిరిగి రావాలి. రోమన్ కాలపు పనివారు బొమ్మ చుట్టూ నేపథ్యపు రంగు ముక్కలతోనే ఇలాంటి వరస వేసేవారు. బొమ్మ నేపథ్యంలోంచి విడివడి, తేలినట్టు కనిపించడానికి ఆ ఒక్క వరసే కారణం. దాన్ని వదిలేసి నేపథ్యపు అడ్డ వరసలను నేరుగా ఆకు అంచుకు తెచ్చి గుద్దితే, అంచు పొడవునా కోసుగా తెగిన ముక్కలు, చిందరవందర సందులు మిగులుతాయి.

గీతలన్నీ తృప్తిగా కుదిరాక కార్బన్ కాగితంతో బోర్డు మీదికి ఎక్కించి, మార్కరు పెన్నుతో దిద్దండి.

కోత

మొదట పది టైల్స్ కేవలం అభ్యాసానికి పక్కన పెట్టండి. అవి వృథా అయ్యాయని బాధపడనక్కర లేదు.

నిప్పర్ పిడిని చివరి కొస దగ్గర పట్టుకోవాలి. దవడల దగ్గర పట్టుకుంటే రెట్టింపు బలం పెట్టాల్సి వస్తుంది, అరగంటకే మణికట్టు నొప్పి పుడుతుంది. టైలు నునుపు ముఖం పైకి, గాళ్లున్న ముఖం కిందికి ఉండాలి. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలి మధ్య టైలు ఒక అంచును గట్టిగా కాక, స్థిరంగా పట్టుకొని, ఎదుటి అంచును చక్రాల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల మేర మాత్రమే పెట్టండి. చక్రాలు టైలు మధ్య దాకా పోవలసిన పని లేదు. ఇప్పుడు పిడిని నెమ్మదిగా నొక్కితే చిన్న టిక్కుమనే చప్పుడుతో పగులు చక్రాలు చూపిన దిశలోనే టైలు అడ్డంగా పరుగెత్తి, రెండు సగాలు విడిపోతాయి. గట్టిగా, ఒక్కసారిగా నొక్కితే మాత్రం పగులు తనకు తోచిన దారిన పోతుంది. అయిదారు టైల్స్ కోశాక చెయ్యి తనంతట తానే ఆ ఒత్తిడిని కనిపెడుతుంది.

సగాన్ని మళ్లీ సగం చేస్తే ఒక సెంటీమీటరు చదరపు ముక్క వస్తుంది. ఈ పలకలో ఎక్కువ భాగం ఈ కొలతదే. వంపుల దగ్గర ఒకవైపు వెడల్పు, మరోవైపు సన్నం ఉండే ముక్కలు కావాలి. నిప్పర్‌ను కాస్త ఏటవాలుగా పెట్టి కోస్తే ఆ ఆకారం వస్తుంది. చదరపు ముక్కలనే వంపు చుట్టూ తిప్పితే లోపలివైపు ఒకదానికొకటి తగులుకొని, వెలుపలివైపు గొడుగు చువ్వల్లా విచ్చుకొని, సందులన్నీ త్రికోణాలవుతాయి. ప్రతి ముక్కకూ ఒక పక్క ఒక మిల్లీమీటరు తగ్గించినా చాలు, సందు మొదలు నుంచి చివరి వరకు ఒకే వెడల్పులో నిలుస్తుంది. మొత్తం పనిలో ఓపిక పెట్టవలసిన చోటు ఇదేనని నా అనుభవం.

పలుకులు ఎగరకుండా లోతైన పళ్లెంలోనో, పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టో కోయండి. బల్ల మీద పడిన పొడిని ఎప్పుడూ అరచేత్తో తుడవకూడదు, కుంచెతోనే ఊడ్చాలి. కొన్నాళ్లకు నిప్పర్ తిన్నగా తెంపడం మానేస్తే చక్రాలు ఒకచోట అరిగాయని అర్థం. మరను వదులు చేసి చక్రాన్ని కాస్త తిప్పి, అరగని భాగం ఎదురుగా వచ్చేలా మళ్లీ బిగిస్తే కొత్తదానిలా పనిచేస్తుంది.

పేర్చడం

జిగురు సీసా తెరవడానికి ముందు, ముక్కలను బోర్డు మీద పొడిగా పేర్చి చూడాలి. మొదట ఈనె, తర్వాత ఆకు అంచు వెంట వరస, ఆ రెంటి నడుమ ఆకు కడుపు, ఆపైన ఆకు చుట్టూ తిరిగే నేపథ్యపు వరస. దాని తర్వాత నేరుగా నేపథ్యం నింపడానికి పోకుండా, పలక నాలుగు అంచుల వెంట పూర్తి సగాలతోనో పావులతోనో ఒక చట్రపు వరస వేయండి. అలా చేస్తే కోసుగా తెగిన ముక్కలన్నీ పలక లోపలే ఉండిపోతాయి, అంచున చేతికి గీసుకునే పదును ఉండదు.

సందు వెడల్పు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంచాలి. రెండు బ్యాంకు కార్డులు జోడించిన మందం దాదాపు 1.5 మిల్లీమీటర్లుంటుంది. మొదటి రెండు మూడు వరసలకు వాటిని మధ్యలో నిలిపి కొలత చూసుకుంటే, తర్వాత కంటికే అంచనా అలవాటవుతుంది. ముక్కలను ఒకదానికొకటి ఆనించి పెట్టకండి. సందు లేనిచోట గ్రౌట్ దిగదు. మరీ వెడల్పైతే గ్రౌట్ ఎండేటప్పుడు కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది.

పక్కపక్క వరసల్లో సందులు ఒకదాని కింద ఒకటి రాకుండా, ఇటుకల కట్టుబడిలో లాగా జరిపి పేర్చండి. ఎక్కడైనా గోరంత సన్నని పేలిక పెడితే తప్ప వరస పూర్తికాదనిపిస్తే దాన్ని పెట్టవద్దు. వెనక్కి వెళ్లి చివరి మూడు ముక్కలను తీసి, కొంచెం వెడల్పుగానో సన్నంగానో కోసిన మరో మూడింటితో సర్దండి. ఇంత పెద్ద పలకలో ఒక్క పేలిక ఎవరికి కనిపిస్తుందని అనిపించవచ్చు. కానీ చూపు ముందుగా దాని దగ్గరికే పోతుంది.

అంటించడం

పొడిగా పేర్చిన ముక్కలను ఒక్కొక్కటిగా పట్టకారుతో ఎత్తి, అడుగున పెసరగింజంత జిగురు బొట్టు పెట్టి, ఉన్నచోటే తిరిగి కూర్చోబెట్టాలి. పావు టైలుకు అంత చాలు. నొక్కినప్పుడు జిగురు అడుగంతా పరుచుకోవాలే కానీ సందులోకి పొంగకూడదు. జిగురు ముక్క మందంలో మూడో వంతుకు మించి పైకొస్తే అక్కడ గ్రౌట్ నిలవడానికి చోటుండదు, చివర తెల్లని మచ్చలా మిగిలిపోతుంది. పొంగిన జిగురును తడిగా ఉండగానే పంటిపుల్లతో గీకేయండి.

పది నిమిషాల లోపు ముక్కను జరుపుకోవచ్చు. అరగంటకోసారి లేచి నిలబడి, పలకను దూరం నుంచి చూడండి. ముఖం దగ్గర పెట్టుకొని పనిచేసేటప్పుడు ఒక వరస మెల్లగా పక్కకు ఒరిగిపోతున్న సంగతి తెలియదు. బాగా ఆరాక తప్పు కనిపిస్తే తడి గుడ్డ ముక్కను ఆ టైలు మీద కొన్ని గంటలు ఉంచి, జిగురు మెత్తబడ్డాక కత్తి మొనతో లేపవచ్చు.

అంటించిన తర్వాత కనీసం 24 గంటలు, తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో 48 గంటలు ఆగాలి. నా మొదటి పలకకు ఈ ఒక్కరోజు ఓపిక లేక, సందుల్లో కనిపించే జిగురు తెల్లదనం పోయి పారదర్శకంగా మారింది కదా అని ఆ సాయంత్రమే గ్రౌట్ వేశాను. సందుల్లో ఆరింది నిజమే, కానీ గాజు కింద ఉన్న జిగురుకు గాలి తగలదు. స్పాంజితో తుడుస్తుంటే ఒక మూల నుంచి ఆరేడు ముక్కలు గ్రౌట్‌తో సహా స్పాంజికి అంటుకొని వచ్చేశాయి. ఆ మూలంతా గీకి మళ్లీ పేర్చడానికి పట్టిన సమయం, ఆగి ఉంటే పట్టే సమయం కంటే చాలా ఎక్కువ.

ఆరాక పలకను నిలబెట్టి, వేలితో ప్రతి ముక్కనూ తట్టి చూడండి. కదిలినదాన్ని ఇప్పుడే తిరిగి అంటించాలి.

గ్రౌట్ రంగు

ఈ నిర్ణయాన్ని చాలామంది చివరి నిమిషానికి వదిలేస్తారు. పలక ఉపరితలంలో సుమారు పావు వంతు సందులదే కాబట్టి గ్రౌట్ కూడా బొమ్మలో ఒక రంగే. తెల్ల గ్రౌట్ ముక్కల రంగులను వెలవెలబోయేలా చేస్తుంది, ప్రతి ముక్కనూ విడివిడిగా చూపిస్తుంది. నల్లది రంగులకు మెరుపునిస్తుంది కానీ లేత నేపథ్యం మీద వలలా పరుచుకుంటుంది. నడిమి బూడిద రంగు ముదురు ఆకుపచ్చతోనూ లేత నేపథ్యంతోనూ ఇమిడిపోతుంది, వరసల దారిని కనిపించనిస్తుంది. మొదటి పలకకు బూడిద రంగునే గట్టిగా సిఫారసు చేస్తాను. తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగు ఎండాక బాగా లేతబడుతుందని గుర్తుంచుకోండి. అనుమానం ఉంటే చిన్న చెక్కముక్క మీద నాలుగు టైల్స్ అంటించి పరీక్షించుకోవచ్చు.

గ్రౌట్ నింపడం

బల్ల మీద పాత కాగితాలు పరిచి, ముసుగు, చేతి తొడుగులు వేసుకోండి. ఈ పలక సందుల్లో పట్టేది వంద గ్రాములకు కాస్త అటూ ఇటుగానే ఉంటుంది కానీ, గరిటెకూ గిన్నెకూ అంటుకునేది కలుపుకొని 250 గ్రాముల పొడి తీసుకోవాలి. ప్యాకెట్ మీద రాసిన కొలత కంటే కొంచెం తక్కువ నీటితో మొదలుపెట్టి, చెంచా చెంచా చొప్పున కలుపుతూ పోండి. ముద్ద గరిటె మీద జారకుండా నిలవాలి, వేలితో నొక్కితే నీరు ఊరకూడదు. నీరెక్కువైన గ్రౌట్ సులువుగా పరుచుకుంటుంది, కానీ ఎండేటప్పుడు ఆ నీరంతా ఆవిరై సందుల్లో వెంట్రుకవాసి పగుళ్లు మిగులుస్తుంది. కలిపిన ముద్దను అయిదు నుంచి పది నిమిషాలు కదపకుండా వదిలి, నీరు చేర్చకుండా మరోసారి కలపండి. ఆ విరామంలో పొడి రేణువుల్లోకి నీరు పూర్తిగా ఇంకుతుంది.

రబ్బరు గరిటెతో ముద్దను పలక మీద వేసి, సందులకు ఏటవాలుగా లాగుతూ లోపలికి నొక్కాలి. సందు వెంట తిన్నగా లాగితే గరిటె అంచు లోపలికి దిగి నింపినదాన్నే తోడేస్తుంది. ఒకే చోటును మూడు నాలుగు దిక్కుల నుంచి లాగితే కింద బుడగలు మిగలవు. పలక నాలుగు పక్కలా అంచు ముక్కల వెలుపలి ముఖానికి కూడా చేతి తొడుగు వేలితో పలచగా అద్దండి. ఈ సమయంలో పలకంతా బూడిద రంగు బురదలా మారిపోయి, ఇంతకాలం పడిన శ్రమ కనుమరుగైనట్టు ఉంటుంది. కంగారుపడి తడి స్పాంజి అందుకోవద్దు.

పది పదిహేను నిమిషాలు ఆగితే ఉపరితలం మీద తడి మెరుపు పోయి, మందకొడి రంగు వస్తుంది. తుడవవలసిన వేళ అదే. స్పాంజిని నీటిలో ముంచి, ఒక్క చుక్క కూడా రాలనంత గట్టిగా పిండి, ముక్కల ముఖాల మీద తేలికగా గుండ్రంగా తిప్పండి. ఒకసారి తిప్పగానే స్పాంజి మరో వైపుకు మార్చండి, రెండు వైపులూ మురికయ్యాక కడిగి మళ్లీ పిండండి. నీరు ఓడే స్పాంజి సందుల పైపొరను కరిగించి తీసుకుపోతుంది. సందులు పల్లంగా, మచ్చలు మచ్చలుగా తయారవుతాయి. రెండు మూడు దఫాల్లో ముక్కలు ఒక్కొక్కటే బయటపడతాయి. అప్పటికీ పలచని మసక మిగిలే ఉంటుంది. దాన్ని తడితో వదిలించబోకుండా, అరగంట నుంచి గంట తర్వాత పొడి గుడ్డతో రుద్దితే పొడిలా రాలిపోయి గాజు తళుక్కుమంటుంది. మూలల్లో చిక్కుకున్న తునకలను పంటిపుల్లతో తీయండి, సూది రంధ్రాలు కనిపిస్తే మిగిలిన ముద్దను వేలితో అద్దండి.

గిన్నె, స్పాంజి కడిగిన నీటిని తూములో పోయకూడదు. గ్రౌట్ గొట్టంలోనే గట్టిపడి దాన్ని మూసేస్తుంది. బకెట్టులో ఒకరోజు ఉంచితే అడుగున పేరుకొని గడ్డకడుతుంది. ఆ గడ్డను చెత్తలో వేయండి.

సిమెంటు ఎండడం వల్ల కాక, నీటితో రసాయనికంగా కలవడం వల్ల గట్టిపడుతుంది. అందువల్ల పలకను ఎండలోనో ఫ్యాను కిందనో పెట్టి తొందరగా ఆరబెడితే గ్రౌట్ బలహీనపడి పొడి రాలుతుంది. పలచని ప్లాస్టిక్ కప్పి, నీడలో, పడుకోబెట్టిన స్థితిలో రెండు మూడు రోజులు ఉంచండి. ఆ తర్వాత కూడా ఎక్కడైనా సన్నని పగులు కనిపిస్తే చిటికెడు పొడిని ముద్దగా కలిపి అక్కడ రుద్ది, తుడిస్తే సరిపోతుంది.

గోడ మీదికి

బోర్డు అంచులకు గ్రౌట్‌కు దగ్గరగా ఉండే రంగు పూయండి. వెనుకవైపు కింది మూలల్లో రెండు చిన్న ఫెల్ట్ బిళ్లలు అంటిస్తే గోడ గీసుకుపోదు. గోడకు అలంకారంగా మాత్రమే ఉండే ఈ పలకకు గ్రౌట్ మీద సీలరు పూత (తడి, మరకలు ఇంకకుండా ఆపే పూత) అవసరం లేదు. బల్ల పైభాగానికి చేసినదైతే వేయాలి.

ఎక్కడ వేలాడదీయాలన్నది తేలికగా తీసుకోవద్దు. ఎదురుగా పడే వెలుతురు కంటే పక్క నుంచి, కిటికీ వైపు నుంచి వచ్చే వెలుతురులో ఇది బాగుంటుంది. చేత్తో అంటించిన ముక్కలు ఎంత జాగ్రత్త పడినా తలా ఒక కొంచెం వంపుతో కూర్చుంటాయి. మీరు గదిలో నడుస్తుంటే మెరుపు ఒక ముక్క నుంచి మరో ముక్కకు జరుగుతూ పోతుంది. ఇటలీలోని రావెన్నా నగరంలో 6వ శతాబ్దపు సాన్ విటాలే చర్చిలో గాజు ముక్కలకు ఉన్న జీవకళలో ఈ హెచ్చుతగ్గుల కోణాలకు పెద్ద పాత్ర ఉంది. కాబట్టి మీ పలకలో ఒక ముక్క కాస్త ఒరిగి ఉంటే, దాని అంచు పదునుగా పైకి లేవనంత వరకు అలాగే ఉండనివ్వండి.

దుమ్ము పడితే మెత్తటి పొడి కుంచెతో దులపండి, అవసరమైతే పిండిన గుడ్డతో తుడిచి వెంటనే పొడి గుడ్డ వేయండి. మిగిలిన టైల్స్‌ను, గుప్పెడు గ్రౌట్ పొడిని గాలి చొరని డబ్బాలో, దాని మీద తేదీ రాసి దాచుకోండి. ఎప్పుడైనా ఒక ముక్క ఊడితే చుట్టూ ఉన్న గ్రౌట్‌ను సూదితో గీకి, పాత జిగురు తీసేసి, కొత్త ముక్క అంటించి, 24 గంటల తర్వాత ఆ సందుల్లో మాత్రమే గ్రౌట్ అద్దాలి. కొత్తగా అద్దినచోటు మొదటి కొద్ది రోజులు ముదురుగా కనిపిస్తుంది, ఆరుతున్న కొద్దీ పాతదానిలో కలుస్తుంది.